దానిమ్మ గజ్జెలు

ఆదివారం పొద్దుగాల షట్టర్ లేపంగనే
ఒక ముసలవ్వ వచ్చి గల్లా మీద మూట విప్పింది.
నాలుగు వెండి దానిమ్మలు.
రెండు నున్నటివి, రెండు తీగపనివి.
నడుముల చుట్టు గజ్జెలు,
నల్లవడ్డయి, ఎండకాలం బాయి అడుగు లెక్క.

తోయా ఆమె పేరు.
మనామా సూక్ వెనక గల్లీల వాళ్ళ గుడి,
బస్రా నుంచి వచ్చిన యూదులది.
సముద్రం దిక్కు ఇంకొకటి,
బుషెహర్ నుంచి పడవలెక్కి వచ్చినోళ్ళది.
అరవై ఏండ్లు ఒకరి గడప ఒకరు తొక్కలే,
ఏ మాట కాడ రాగం సాగదియ్యాల్నో
గా మాట కాడ తగాద.

"పదిమంది మొగోళ్ళు లేంది మా గ్రంథం తియ్యరాదు"
అన్నది, హిందీల సగం అరబ్బీల సగం,
వేళ్ళు మడుసుకుంట.
ఏడుగురు ఇక్కడోళ్ళు. ముగ్గురు అక్కడోళ్ళు,
అండ్ల ఒకాయన కుర్చీ దిగలేడు.
లెక్క సరిగ్గ పది.
అందుకే ఒక గుడికి తాళం పడ్డది.

తెరలు గూడ రెండు, గోడ అల్మారేమో ఒక్కటే.
వాళ్ళది ఎర్ర మఖ్మల్, ఎవరిదో పెండ్లి గౌను కోసి కుట్టింది,
జరీల ఇంకా నడుము కొలత కనవడ్తదట.
వీళ్ళది నీలం.
"మాది మడతవెట్టి సందుగల ఏస్తరా?" అని
షామూన్ ముసలాయన వారం రోజులు మాట్లాడలేదట.
నెలపొడుపు నెలపొడుపుకు మారుద్దామన్నరు.
ఒప్పుకున్నడో, అలిసిపోయిండో.

నేను ఎలగందుల తీగపనోన్ని.
ఈడ పదకొండేండ్లాయె,
గొలుసులకు కొక్కేలు ఏసుడు, ఉంగరాలు సాగగొట్టుడు,
తీగ పట్టింది లేదు.
ఆ రాత్రి దానిమ్మ ఆకును బల్బు కిందికి పట్టుకుంటె
వేళ్ళే ముందుగాల గుర్తువట్టినయి.

గజ్జెలు ఇరవై రెండు.
ఇరవై ఒకటి మోగినయి.
ఒకటి మోగలే, గొణిగింది.
విప్పి సూత్తె లోపల గుండు లేదు,
ముత్యం. వంకరది, పచ్చవడ్డది,
పిల్లల పాలపన్ను లెక్క.

తోయా నవ్వింది.
"మా చిన్నాయన ముత్యాల బేరగాడు.
ఎవ్వడు కొనకపోతె గండ్ల ఏసిండు.
మేం ఆడోళ్ళం పైన జాలీ వెనకాల కూసునేటోళ్ళం,
ఏం కనవడకపోయేది.
గా గొణుగుడు ఇనవడ్తె గ్రంథం వస్తున్నదని లేచేటోళ్ళం."
గుండు ఏద్దునా అని అడిగిన.
నన్ను చూసింది, ఉప్పు బదులు చక్కెర ఏసినోన్ని చూసినట్టు.

బిల్లు మీద రాసిన: అతుకుడు, మెరుగు, ఎనిమిది దినార్లు.
ఒక ఆకు కొస ఇరిగి ఉండె,
కొత్త తీగతోని మావోళ్ళ మలుపు తిప్పిన.
అది రాయలే.

శనివారం గల్లీల గొడవ ఇనవడి బయటికొచ్చిన.
బుషెహర్ ఆయన కుర్చీ, కొత్త గుడి గడప కాడ
చక్రం పట్టుకున్నది.
లోపల నుంచి షామూన్ అరుస్తున్నడు, తొమ్మిది, తొమ్మిది.
నేను ఒక దిక్కు పట్టిన,
చాయ్ దుకాణం బెంగాలీ పిల్లగాడు ఇంకో దిక్కు.
ఎంత బరువున్నడో!
మెట్టు దాటించినంక ఆయన
నా చెయ్యి మీద తట్టి ఏదో అన్నడు,
ఫార్సీ కావచ్చు.

తలుపు దగ్గరికేసిన్రు.
సుత్తె చేతులనే ఉన్నది.
ఇరవై ఒక్క గజ్జెలు,
కొంచెం ఎనకవడి
ఇంకొకటి.