ఆగినంక రెండు నిమిషాలు

ఇదివరకు పెండ్లిండ్లు నడిచే దూరంలనే అయ్యేటియి.
కార్వాన్ కెళ్లి జియాగూడ, మెహదీపట్నం,
మస్తు దూరమంటె టోలీచౌకి.
పగ్గం పట్టుకొని నేను ముంగట,
జరీగుడ్డ కప్పుకొని చమేలి ఎనక.
వాపస్ వచ్చేటప్పుడు ఖాళీ రోడ్డు మీద
నాలుగు నాడాల చప్పుడు, రెండు చెప్పుల చప్పుడు.

ఇప్పుడు పెండ్లిండ్లు ఊరు దాటినయ్.
మొయినాబాద్, శామీర్‌పేట, కండ్లకోయ.
మైదానమంత హాలు, హాలు ముంగట ఫౌంటెన్.
పెండ్లికొడుకు గుర్రం మీద పోయేది ఇరవై అడుగులు,
గుర్రం రావాల్సింది నలభై కిలోమీటర్లు.

బాలానగర్ల ట్రాలీ చేయించిన.
కింద రబ్బరు పట్టా, నడుమ అడ్డకట్టె, పైన తెరిపి.
ఇగ లాగేది కావాలె.

సోమాజిగూడ షోరూంల పోరడు ప్రణీత్
చల్లటి నీళ్లిచ్చి పెద్ద బండి చూపెట్టిండు.
చిన్నది చూపెట్టేటప్పుడు గొంతు తగ్గించిండు.
"ఇంజన్ చిన్నదే సార్, కానీ టర్బో.
నూట అరవై గుర్రాల బలం."
నాయనా, నాకున్నయి రెండు.
ఆ రెండే ఏనాడూ ఒక్క మాట మీద నిలవడలె.

గుర్రం కొనేటోడు ఎత్తు చూడడు.
పండ్లు చూస్తడు, గిట్టలు లేపి చూస్తడు,
డొక్క మీద చెయ్యి పెట్టి ఊపిరి ఇంటడు.
నేను బానెట్ మీద చెయ్యి పెట్టిన.
పోరడు నవ్విండు.

రాణీగంజ్ ఖలీల్ ఉస్తాద్ నవ్వలె.
బీడీ ఆర్పి చెప్పిండు:
"ఇడిసిన పొగతోనే నత్తగుల్లంత చక్రం తిప్పుకొని
కొత్త గాలి గుంజుకుంటది ఇది.
మొదట్ల జర సోచాయిస్తది. అక్కడ ఆగమై తొక్కకు.
లాగుడుదేముంది, ఆపుడు చూడు.
దిగుడుల ట్రాలీ బండిని నూకుతదా,
బండి ట్రాలీని పట్టుకుంటదా, అది చూడు.
ఇంకోటి. ఎత్తు ఎక్కొచ్చినంక ఎంబడే చావి తిప్పకు.
రెండు నిమిషాలు ఊకె తిరగనియ్.
లోపల ఎర్రగ కాలి ఉంటది."

ఈ ముచ్చట మా నాయన చెప్పిందే, వేరే దాని గురించి:
చెమటల ఉన్న గుర్రానికి నీళ్లు పెట్టకు బిడ్డా.
జర నడిపియ్యి. ఆరినంక బకెట్ చూపెట్టు.

ట్రయల్‌కు ఇరవై ఇసుక బస్తాలేసినం.
ఫతే దర్వాజా కింద ట్రాలీ పడుతదా అని
పోరడు కండ్లు మూసుకున్నడు.
పట్టింది. ఎత్తు సాఫుగ ఎక్కింది.
సంతకానికి పెన్ను తీసిండు.
ఇసుక భయపడదు గద బాబూ, అన్న.
ఇసుక మలుపుల కాలు మార్చుకోదు.

మేనేజర్‌కు మూడుసార్లు ఫోన్ కొట్టిండు.
తెల్లారి చమేలినెక్కిచ్చిన, బిజిలీనెక్కిచ్చిన.
ప్లాస్టిక్ కవరు తియ్యని సీటు మీద నేను,
పక్కకు ముక్కు మూసుకొని ప్రణీత్.

ఎత్తు మొదట్ల ఆటో అడ్డమొస్తే ఆపి, మళ్ల తొక్కిన.
బండి ఒక్క క్షణం ఏమనలె.
ఆ క్షణం నాకు ఎరుకే.
బ్యాండు మొదలుకాంగనే చమేలి
ముందరికాలు లేపి, కింద పెట్టక,
ఆలోచన చేస్తది చూడు, గదే.
తర్వాత లాగింది.
అద్దంల చెవులు చూసిన.
ఎనకకు పండుకోలె.
ఒకటి నా దిక్కు, ఒకటి ఊరి దిక్కు.

బయానా అక్కడ్నే ఇచ్చిన. కిస్తులు అరవై.
తెల్లది దొరకలె, ఇటుక రంగుదే ఉండె.
పెండ్లిండ్లకు పోయే బండికి ఇటుక రంగేందని
సుగుణ వారం దినాలు మాట్లాడలె.

నిన్న మొయినాబాద్ కెళ్లి వచ్చేసరికి రాత్రి రెండున్నర.
గల్లీల ఆపి, చావి తిప్పకుంట కూసున్న.
సుగుణ కిటికీ తీసింది.
"బందు చెయ్ ఇగ, గల్లీ అంత లేస్తది!"
లెక్కవెడుతున్న.
ఎనక చమేలి కట్టెకు మెడ రాస్తున్నది,
నీళ్లడుగుతున్నది.
ఇద్దరూ ఆగాలె.
నూటపది. నూటపదకొండు.