ఖాళీ ఎవరిది

చేను నాది. బార్లీ నాది.
కంచె మీద తుప్పు కూడా నాదే,
మా నాన్న రాసిచ్చిన కాగితాల ప్రకారం.
అడుగున ఇసుకరాయిలో
రేణువుకీ రేణువుకీ మధ్య సందు మాత్రం
నాది కాదట, సర్కారుదట.
ఎడ్మంటన్ లాయరు చెప్పినప్పుడు నవ్వొచ్చింది.
ఖాళీకి కూడా పట్టా ఉంటుందా?

ఉంటుంది. రెండు కిలోమీటర్ల లోతున.

దక్షిణాన ఫ్యాక్టరీలో
గ్యాసును ఆవిరితో ఉడికించి విడగొడతారు.
హైడ్రోజన్ ఒక దారిన పోతుంది,
తేలిక పిల్ల, వెనక్కి తిరిగి చూడదు.
బొగ్గుపులుసు గాలి ఇన్నాళ్లూ పొగగొట్టం ఎక్కేది.
ఇప్పుడు దాన్ని అదిమి, చిక్కబరిచి
నా చేను అంచున ఉక్కుగొట్టంలోంచి
కిందికి దింపుతున్నారు.

"అంతా పట్టుకుంటారా?" అన్నాను.
నీళ్ల శాంపిల్ కోసం వచ్చే డెల్ఫీన్ కార్డినల్
సీసా మూత బిగిస్తూ అంది:
"అంతా కాదు, డార్కా."
ఆ మాట కోసమే
ఆమెకి రెండోసారి కాఫీ పోస్తాను.

మా అమ్మ క్యాబేజీ పీపా గుర్తొస్తుంది.
సన్నగా తరిగి, ఉప్పు చల్లి,
పైన ఏట్లో ఏరిన రాయి పెట్టేది.
రాయి పని బరువు, ఉప్పు పని కాపలా,
నీ పని చెయ్యి పెట్టకపోవడం, అనేది.
ఇక్కడా అంతేనట.
పులుసు మీద ఉప్పు పొరలు, ఉప్పు మీద రాయి,
రాయి మీద నా బార్లీ.
ఎన్ని తరాలు చెయ్యి పెట్టకూడదో
అది మాత్రం ఎవరూ లెక్క చెప్పరు.

నోట్లో నువ్వుగింజ నానని ఊరు మాది.
హోలోవాచ్ వాళ్ల విడాకుల సంగతి
వాళ్లకన్నా ముందు పెట్రోలు బంకుకి తెలిసింది.
అలాంటి ఊరి కింద
వెయ్యేళ్లు కడుపులో దాచుకునే రాయి ఉందంటే
నమ్మాలనే ఉంది.

నాన్న కాలంలో గ్యాసు బావి మంట
రాత్రంతా మండేది.
ట్రాక్టరు లైట్లు వెయ్యకుండానే దున్నేవాళ్లం.
బ్యాటరీ మిగిలిందని మురిసిపోయాడు పాపం.
ఆ మిగులు ఎవరి ఖాతాలో అప్పుగా పడిందో
ఇన్నాళ్లకి ఈ గొట్టం
వడ్డీలో కాస్త తీరుస్తోంది.
అసలు ఇంకా ఆకాశంలోనే ఉంది.

నిన్న మైనస్ ముప్పై రెండు.
మంచులో మోకరిల్లి
గొట్టం పక్కన నేలకి చెవి ఆనించాను.
ఏమీ లేదు. సన్నని రొద.
నిద్రలో పళ్లు బిగించుకున్న మనిషి.
నా బోరు నీళ్లు డెల్ఫీన్ రెండు సీసాలు నింపుకుంది.
మూడో గ్లాసు నేను తాగాను.
ఎప్పటి రుచే. కొంచెం ఇనుము.

లేచి నిలబడితే
నా ఊపిరి తెల్లగా బయటికొచ్చి
ఎవరినీ అడక్కుండా
పైకే పోయింది.