గొట్టం వెడల్పు

చేతులు లెక్కపెట్టడం నా పని.
పోర్టో అలెగ్రి నగరపాలికలో పదకొండేళ్లుగా అదే కొలువు.
బడి వ్యాయామశాలలో, బాస్కెట్‌బాల్ బుట్ట కింద నిలబడి
లేచిన ఒక్కో చేతికీ పెన్సిలు మొనతో
గాలిలో చుక్క పెడతాను.

ముఖాలు దాచుకుంటాయి గానీ
చేతులకి ఆ తెలివి లేదు.
సున్నం తిన్న వేళ్లు, డీజిలు ఇంకిన గోళ్లు,
ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఉతికి
తెల్లగా ఉబ్బిన ఇవొనెచి అరచెయ్యి.
అది ఎప్పుడూ ఆలస్యంగానే లేస్తుంది.
మనవడు నిద్రపోయేది ఆ చేతి మీదే,
ముందు వాణ్ణి రెండో భుజానికి మార్చాలి.
నేను ఆగుతాను. ఆగమని ఏ నియమంలోనూ లేదు.

ఆ రాత్రి తేలాల్సింది ఒకటే:
వానకి పొంగే సందుకి మురుగు గొట్టమా,
ఆటస్థలానికి దీపాలా.
పైన రేకుల మీద వాన. మైకు సగం మాటలు మింగేస్తోంది.
జురాందిర్ లేచి, తన వాటా మూడు నిమిషాలూ
దగ్గుకే ఖర్చు పెట్టేసి
"అంతే. గొట్టం" అని కూర్చున్నాడు.

నూట పన్నెండు. తొంభై ఏడు.

గోల సద్దుమణిగాక ఒక ముసలామె నా చొక్కా పట్టుకుంది.
"సిరాతోనే రాశావా నాయనా?"
పెన్సిలు జేబులోకి తోసేశాను.

కాగితం మేడెక్కింది.
రెండు చలికాలాలు పోయాక
లారీ వచ్చి గొట్టాలు దించింది.
ఇవొనెచి ఒంగి జానతో కొలిచి చూసింది.
"మేం చేతులెత్తింది మూరెడు గొట్టానికి కదా,
ఇది జానెడుంది."

నిజమే.
గొట్టం కావాలా అని రెండువందల తొమ్మిది మందిని అడిగాం.
ఎంత వెడల్పన్నది
ఒక్క చెయ్యీ లేవని గదిలో తేలిపోయింది.
ఆ గదికి కాఫీ ఫ్లాస్కు మోసింది నేనే.

మళ్లీ వానలు పడ్డాయి.
మోకాలిదాకా వచ్చే నీళ్లు చీలమండ దగ్గర ఆగాయి.
ఆ మధ్యలో తడవకుండా మిగిలిన కాస్త కాలిని
గెలుపనాలో ఓటమనాలో
ఏ గడిలో రాయాలో నాకు తెలీదు.

తర్వాతి సభకి సగం కుర్చీలు ఖాళీ.
"ఆ దగ్గేదో ఇంట్లోనే దగ్గుకుంటా" అన్నాట్ట జురాందిర్.
ఇవొనెచి వచ్చింది,
మెళ్లో దర్జీ టేపు వేలాడేసుకుని.
మైకు ముందు ఎవర్నీ తిట్టలేదు.
"వెడల్పు తేల్చే గది ఎన్నో అంతస్తు?
తలుపు ఎప్పుడు తీస్తారు?"

వేదిక మీద పెద్దలు నీళ్లసీసాల మూతలు తిప్పుకుంటున్నారు.
లెక్కపెట్టేవాడు నోరు విప్పకూడదు.
అది మాత్రం నియమంలో ఉంది.

"ఆరో అంతస్తు" అన్నాను.
"మంగళవారం, తొమ్మిదింటికి. లిఫ్టు పనిచెయ్యదు."

ఆమె పక్కకి తిరిగి మనవణ్ణి చూసింది.
వాడిప్పుడు మెట్లెక్కుతాడు.