ఏడక్షరాల రేకు

కొత్తపేటలో డాక్టర్ల బోర్డులన్నీ
ఒకే తోకతో పుట్టాయి.
ఓ, ఎల్, మళ్ళీ ఓ, జి, ఐ, ఎస్, టీ.
పాత నూనెడబ్బా చీల్చి, సుత్తితో సాపు చేసి
ఆ ఏడూ ఒక్కసారే కోసి పెట్టుకున్నా.
ముందు తల చేత్తో రాయాలి,
తోకకి రేకు ఆనించి బ్రష్షు కొట్టడమే.
డబ్బులు మాత్రం మొత్తానికీ.
అక్షరానికి ఆరు రూపాయలు.
రేకు సంగతి ఎవరికీ చెప్పలేదు,
ఇదిగో, మీకే.

నాకు ఇంగ్లీషు రాదు. వంపులొచ్చు.
జి కడుపు ఎక్కడ లోపలికి మడవాలో,
ఎస్ నడుం ఎక్కడ విరవాలో.
అర్థాలు మాత్రం రూతమ్మ సిస్టరువి.
రాత్రి డ్యూటీ దిగి, టీకొట్టు బల్ల మీద
చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుని
నిచ్చెన మీదున్న నాకు కిందనుంచి కేకేసేది:
"నెఫ్రో అంటే మూత్రపిండంరా సైదా.
గాస్ట్రో పొట్ట, దాని వెనకాల ఎంటరో పేగు.
పేగు పొడుగు కదా, అందుకే నీకు బోర్డు చాల్లేదు."
నిజమే. పద్దెనిమిదక్షరాలు.
ఆఖరి టీ పక్కగోడ ఎక్కింది.
ఆ మందులషాపాయన వారం రోజులు పోట్లాడాడు.

"మరి ఈ తోకకేందమ్మా అర్థం?"
"చదువుకున్నోడని."
"ఏం చదువుకున్నోడు?"
"ముందేది పెడితే అది."

అన్నిటికన్నా పెద్దది చెవి ముక్కు గొంతు డాక్టరుది.
ఇరవై ఒక్క అక్షరాలు, అందులో అయిదు సున్నాలు.
ఆ రాత్రి ఇంటికి కోడి తీసుకెళ్ళా.
"ఏం పండగ?" అంది మా హుసేన్‌బీ.
"ఓటోరైనోలారింగాలజిస్ట్" అన్నా,
రూతమ్మ నేర్పినట్టే, ఎక్కడా తడబడకుండా.
ఉప్పు గుప్పిట్లో పట్టుకొచ్చి నాకు దిష్టి తీసింది.

నెల తిరక్కుండా ఆ డాక్టరే పిలిచాడు.
జనానికి నోరు తిరగట్లేదంట,
ఈఎన్‌టీ అని రాస్తే చాలంట.
మూడక్షరాలు. పద్దెనిమిది రూపాయలు.
పాతవి గీకింది కూడా నేనే.
అయిదు సున్నాలూ ఒకదాని తర్వాత ఒకటి
పొడిపొడిగా రాలి నా ముక్కులో పడ్డాయి.

ఆంకాలజిస్ట్ అని ఒకటి రాశా.
పదక్షరాలే, తల మూడే.
"ఇంత చిన్నదేందమ్మా, దీనికేంటి అర్థం?"
రూతమ్మ టీ ఊదుకుంటా వినపడనట్టు కూచుంది.
పై ఏడాదికి ఆ బల్ల ఖాళీ.
ఆ మూడక్షరాల అర్థం
నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. వాటి గురించి మాట్లాడను.

మొన్న నలభై మూడో టోకెను నాది.
ఎదురుగా తలుపు పైన నా బోర్డే, పల్మనాలజిస్ట్,
తండ్రి పేరు తీసి కొడుకు పేరు అతికించారు.
మొదటి ఓ కాస్త నొక్కుకుపోయింది.
ఆ రోజు మిర్చి బస్తాల లారీ పోతుంటే
నిచ్చెన పట్టుకున్న కుర్రాడు తుమ్మాడు, అదీ కథ.
తోకలో ఓలు రెండూ గుండ్రంగానే ఉన్నాయి. రేకువి కదా.

డాక్టరు చిన్నవాడు.
నా వీపు మీద చల్లటి బిళ్ళ జరుపుతా జరుపుతా విన్నాడు.
ఫిల్ము లైటుకి పెట్టి ఏదో పేరన్నాడు.
న్యుమో అని మొదలైంది, సిస్ అని ఆగింది.
చీటీ తిప్పి చూశా. ముందర ఎవరూ పలకని పీ ఒకటి.
వేలు పెట్టి లెక్కేశా. పద్నాలుగు,
ఎనభై నాలుగు రూపాయలు,
నా రేకు పనికిరాని తోక.

"దీన్ని తెలుగులో ఏమంటారు సార్?"
కాస్త ఆలోచించాడు. రూతమ్మయితే ఆలోచించేది కాదు.
"దుమ్ము" అన్నాడు. "ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుంది.
ఏం పని చేసేవాడివి?"
తలుపు పైకి చూపించా.

లేచి, బయటికొచ్చి, తలెత్తి చదివాడు,
ఆ మాట ఇప్పుడే నేర్చుకుంటున్నట్టు పెదాలు కదుపుతా.
"ఆ ఓ సరిగ్గా లేదే" అన్నాడు.
"అవునండీ" అన్నా.
"నిచ్చెనుందా?"