అచ్చు అలసిన చోటు

బెజవాడ ఆటోనగర్ రెండో అడ్డరోడ్డులో
లారీ బాడీలకు గొళ్ళేలు కొట్టే సుభానీ మేస్త్రి
నా అగ్గిపెట్టెలోంచి మూడు బిళ్ళలు
ఆయిలు మరకల బల్లమీద బోర్లించాడు.
ముందువైపు చూడలేదు.
"అబద్ధం ఎప్పుడూ ముఖానే అందంగా ఉంటది సార్,
వీపు చూడాలి."

నల్లది పల్చన, వెనక గుంట.
గోరుతో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"ఇత్తడి. తీరిగ్గా కొట్టారు.
యుద్ధం ఇంకా కుర్రదన్నమాట."
రెండో నల్లదానికి
పాత స్పీకరు అయస్కాంతం చూపిస్తే
టక్కున అతుక్కుంది.
"ఇది రేకు. ఇత్తడంతా తూటాలకి పోయుంటది."

వెండిరంగుదాన్ని అరచేతిలో ఎగరేసి తూచాడు.
జింకు. పూత రాలి
బూడిద గుమ్మడికాయ రంగు తేలింది.
ఇనప టోపీ చుట్టూ ఆకుల అంచులు
అరిగిన సబ్బులా నున్నగా.
"ఇక్కడ అచ్చు అలసిపోయింది.
ఎన్ని వేలు కొడితే ఇంత మెత్తబడుద్దో నాకు తెలుసు.
మార్చుకోడానికి టైమివ్వలేదు ఎవరూ."

గవర్నర్‌పేట నాణేల కొట్లో మొదటిది కొన్ననాటి నుంచీ
నోటుబుక్కులో రాసుకుంటున్నాను:
పిన్ను మడత, కీలు తీరు, వెనకున్న అంకె,
కత్తుల పిడి దగ్గర చుక్కలెన్ని,
వాడు చెప్పిన ధర, నేనిచ్చిన ధర.
గాయం ఎవరిదో రాసే గడి లేదు.

టోపీ మీద ఒరిగిన గుర్తు చూసి
"షావుకార్ల చిట్టాల మీద వేసేదేనా?" అన్నాడు.
కాదన్నాను.
ఎంత కాదో చెప్పబోతే
పక్క షెడ్డులో ప్రెస్సు మొదలైంది.

"దేనికిచ్చేవాళ్ళు ఇవి?"
ఒకటి రెండు దెబ్బలకు నల్లది,
మూడు నాలుగైతే వెండిది,
అయిదు నుంచి బంగారు రంగుది.
చెయ్యో కాలో పోతే నేరుగా వెండి.

"వేళ్ళకి?"

కుడిచేతికి మధ్యవి రెండు లేవు.
పుష్కరాల రెయిలింగు ఆర్డరప్పుడు
రాత్రి షిఫ్టులో ప్రెస్సు తీసుకుంది.
"ఒక్క దెబ్బకే రెండూ. మరి ఒకటి కింద లెక్కా, రెండా?"

రెండైనా నల్లదే అన్నాను,
నిబంధనలు కంఠతా వచ్చినవాడి గొంతుతో.
నవ్వాడు. కుర్రాడు టీ తెచ్చాడు.
"దీనికి జోడీ కావాలంటే కొట్టిస్తా,
మీక్కూడా తేడా దొరకదు."
నిజమే. ఆయన దగ్గరికొచ్చింది ఆ భయంతోనే.

ఇంటికొచ్చి భూతద్దం కింద పెడితే
జింకు మీద ఆయిలు బొటనముద్ర,
గీత గీతా తెలుస్తూ.
వేలిముద్ర పడితే ధర పడిపోద్దంటారు మా సేకరణల వాళ్ళు.
దూదీ స్పిరిటూ చేతికందేంత దూరంలోనే ఉన్నాయి.

నోటుబుక్కులో కొత్త గడి గీశాను.
పైన ఏం పేరు పెట్టాలో తెలీక
తారీఖు వేసి ఊరుకున్నాను.