మూడో గీత

సిరోంచ జీపు మైకులో మరాఠీలో
ఏదో చెప్పి, దుమ్ము లేపుకుంట పోయింది.
"పూర్" ఒక్కటే చెవిన పడ్డది అవ్వకు.
"ఏంది, పూరా అయిందట?"

బడి గోడ మీద నిరుటి బురద చార
ఇంకా ఉంది. దాని కింద
దుర్గం పోసుబాయి సున్నంతో గీత గీసింది.
మోకాలి మట్టం: మేకలు గుట్టకు.
నడుము కాడ ఇంకోటి: బాలింతలు,
మంచం దిగలేని మా అవ్వ.
మూడోది గీయబోయి చెయ్యి దించింది.
"ఆడిదాకా చూసేటోళ్ళు ఈడ ఉండొద్దు."

మిరుగు ఇంకా రాలే.
ప్రాణహిత, బట్టల సబ్బు నురగతో,
చీలమండ దాటదు.
ఎండలో తెడ్డు చెక్కుతుంటే
నన్ను చూసి నవ్వుతున్నరు.

రాత్రి అవ్వ మళ్ళీ అడిగింది.
పూరా కాలేదవ్వా,
నీ మంచానికి తాళ్ళు కట్టాలె.
మోసేటోళ్ళు
ముగ్గురే దొరికిన్రు.