తలుపేసుకున్న లెక్క

సోమవారం సోమవారం నీళ్లు మార్చుడు నా పని.
వరిగడ్డి ఉడకబెట్టిన కషాయం,
వడ్డేపల్లి చెరువు నీళ్లు గ్లాసెడు,
నాలుగు మెతుకులు.
మూడొద్దులకు సీసా మెడ కింద
తెల్లగ పొగ పట్టినట్టయితది.
పిల్లలు మురికి అంటరు.
నేను మంద అంట.

హన్మకొండ కాలేజీల ఇరవై ఆరేండ్ల సంది అటెండర్ను.
జంతుశాస్త్రం చదువలే, కడిగిన.

కాత్యాయని మేడం రంగు సీసా చేతికిచ్చి చెప్పింది:
ఇది పడితే అవి చస్తయి, సులోచనా,
ఒక్కో స్లైడు మీద ఒక్క గడియే ఆగుతది.
పద్దెనిమిది స్లైడ్లు వరుసగ పేరిస్తే గని
ఒకటి రెండయ్యుడు కనవడదు.

పేర్చిన.
చెప్పు తీరు ఒళ్లు. లోపల రెండు కేంద్రకాలు:
చిక్కుడుగింజ లెక్క ఒకటి,
దాని ఒంపుల నక్కిన ఆవగింజ ఒకటి.

ముందుగాల చిన్నది కదులుతది.
వేరే జీవకణాలు గోడ కూలగొట్టుకొని పంచుకుంటయట,
ఇది మాత్రం తలుపేసుకొని
లోపల్నే కండె పోగులు సాగదీసి
ఒక్కో క్రోమోజోము కవలలను విడదీసి
అటొకటి, ఇటొకటి.
తక్కువ పోదు, ఎక్కువ రాదు.

మేడం కండె అనంగనే నాకు నవ్వొచ్చింది.
కొత్తవాడల పుట్టినదానికి కండె సంగతి చెప్తరా!
జంపఖానా పడుగు ఎంచేటప్పుడు
నాయిన గొళ్లెం పెట్టుకునేది.
గాలొద్దు, మాటొద్దు, మా దగ్గొద్దు.
మసక వెలుతుర్ల పెదవులే కదిలేవి,
నూట ముప్పై రెండు, నూట ముప్పై మూడు...
ఒక్క పోగు తప్పినా
నెమలి మెడ వంకరపోతదని.

ఇగ పెద్దది.
దానికి కండె లేదు, కొలత లేదు.
ఒక్కో జన్యువుకు వందల నకళ్లు మోసుకుంట
దినమంతా తినిపిచ్చేది అదే, నడిపిచ్చేది అదే.
తీరా పంచే యాళ్లకు
సాగి, సాగి, నడుమ సన్నబడి
పుటుక్కున తెగుతది.
ఎవరి దిక్కు ఎన్ని పోయినయో ఎవ్వరూ ఎంచరు.

అమ్మ జొన్నపిండి ముద్ద తెంపినట్టే.
ఐదుగురం పొయ్యి చుట్టూ కూసుంటే
చూడకుంటనే తెంపేది.
ఇయ్యాల అన్నకు రెండు పిడికిళ్లు, నాకు ఒకటిన్నర,
రేపు అటుదిటు.
ఎవ్వరం ఆకలితోటి పండలే.
అమ్మ పండింది, అది తర్వాత తెలిసింది.

పదకొండో స్లైడు కాడ ఆగిపోయిన.
చిన్నవి రెండూ చెరో కొసకు చేరినయి,
పెద్దది ఇంకా డమరుకం లెక్క
తెగాల్నా వద్దా అన్నట్టు.

మేడం ఇంకో ముచ్చట చెప్పింది:
రెండు జీవులు జతకట్టిన్నాడు
ఆ పెద్ద కేంద్రకమే తునకలై కరిగిపోతదట.
అన్నం పెట్టిందే ముందు పోతదట.
అప్పటిదాంక నోరు మెదపని చిన్నది
మళ్లా ఒక పెద్దదాన్ని తయారుచేసుకుంటదట.

అమ్మ పోయిన ఏడు
నాయిన మొదటిసారి పిండి పిసికిండు.
ముద్దలను పోగులెంచినట్టు ఎంచి
ఐదు సమానంగ పెట్టిండు.
తలుపుకు గొళ్లెం పెట్టలే.
రొట్టెలు మాడినయి.
తిన్నం.

ఆరింటికి కరెంటు పోయింది.
చీకట్ల పెట్టె సర్దుతుంటే
పద్దెనిమిదో స్లైడు జారి పలిగింది,
రెండూ వేరై ఎవరి తొవ్వ వాళ్లు పట్టినది.
మేడంకు ఇంక చెప్పలే.
సీసాల ఉన్నయి గద,
తెల్లారేసరికి మళ్లా అదే పని చేస్తయి.

తాళం వేసే ముందట
సోమవారం కాకున్నా
చిటికెడు మెతుకులు వేసిన,
ఎంచకుంట.